సాగనంపని శుక్రవారం

జూన్ 6, 2025, శుక్రవారం

రాయడం నాకు అలవాటే. పోర్టులో క్రేను మీద కూర్చున్నవాడు ఏ షిప్పు వచ్చింది, ఎన్ని టన్నుల బొగ్గు దిగింది, పని ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, అన్నీ లాగ్‌బుక్కులో రాయాలి. ఇంట్లో జరిగేదానికి లాగ్‌బుక్ లేదు. అందుకని ఇది కొన్నాను. గౌరీశ్వరికి కనపడకుండా యూనిఫాం పెట్టెలో పెడతాను.

ఈ రోజు పదకొండింటికి వచ్చింది. హాల్లో పద్దెనిమిది మంది కూర్చున్నారు, చెప్పులు మెట్ల దాకా ఉన్నాయి. ముందు గౌరికి మూడు ఆవులింతలు వచ్చాయి, తర్వాత తల అటూ ఇటూ ఊగింది. కళ్ళు తెరిచేసరికి అక్కడున్నది నా పెళ్ళాం కాదు, మెరకమ్మ. సబ్బవరం అవతల మా ఊరి మెరక పొలంలో రాయిగా ఉండే తల్లి. లేఅవుట్ వేసినప్పుడు ఆ రాయి ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. అప్పటినుంచి గాజువాకలో మా ఇంటికే వస్తోంది, ఆరేళ్ళుగా, ప్రతి శుక్రవారం.

పోయినవి ఎక్కడున్నాయో చెప్పడం ఆవిడ పని. ఇవాళ పక్కింటి రామలక్ష్మమ్మ గారి ఇంటి కాగితాలు బియ్యం డబ్బా అడుగున ఉన్నాయని చెప్పింది. వెళ్ళి చూస్తే ఉన్నాయి. అందరూ కాళ్ళ మీద పడ్డారు.

నేను మూల నిలబడతాను, చెంబు పట్టుకుని. అందులో ముర్రాట, అంటే పసుపు, వేపాకు కలిపిన నీళ్ళు. చివర్లో ఆవిడ దాహం అంటుంది. అమ్మ ఊరినుంచి తెచ్చిన ఇత్తడి కుందిలో దీపం కొండెక్కే లోపల ఆ నీళ్ళు కాళ్ళ మీద పోసి, మూడు గుక్కలు తాగించి, వెళ్ళి రా తల్లీ అని సాగనంపాలి. అది ఇంటి మనిషే చెయ్యాలి. అమ్మ ఉన్నన్నాళ్ళూ అమ్మ చేసింది, ఇప్పుడు నేను. వచ్చినవాళ్ళందరినీ బిడ్డా, బిడ్డా అంటుంది. నన్ను మాత్రం "ఉమా, నీళ్ళు" అంటుంది, హోటల్లో సర్వరును పిలిచినట్టు.

ఆ తర్వాత గౌరి తిరిగొస్తుంది. ఎంతసేపైందండీ అని అడుగుతుంది, నవ్వుతూ. అసలు ఆ నవ్వు గురించి రాద్దామనే ఈ పుస్తకం కొన్నాను. ఇవాళ చేతకావడం లేదు.

జూన్ 7

ఆ నవ్వు. పదకొండేళ్ళ కాపురంలో నా వల్ల ఆ నవ్వు ఒక్కసారి కూడా రాలేదు. అరకు తీసుకెళ్ళాను. డబుల్ డోర్ ఫ్రిజ్ కొన్నాను. అప్పుడూ నవ్వింది, నవ్వలేదని కాదు. అది వేరే నవ్వు.

కుళ్ళు అని కాదు. దేవత మీద ఎవడైనా కుళ్ళుకుంటాడా?

జూన్ 12, గురువారం

గురువారం మధ్యాహ్నం నుంచే ముఖం వెలుగుతుంది. తలంటుకుంటుంది, పసుపు చీర ఇస్త్రీ చేసుకుంటుంది. ఆ రాత్రికి మా పక్కలు వేరు. నా క్యారేజీలో కూరకి ఉప్పు లేదు. పెళ్ళైన కొత్తలో నాకోసం కూడా ఇంత ముస్తాబు కాలేదు ఈవిడ.

ఆ అరగంటా ఎలా ఉంటుంది నీకు అని అడిగాను. పప్పు రుబ్బుతూ ఆగింది.

"ఎలగుంటాదంటే ఏటి సెప్పనండీ. ఆ అరగంటా నన్ను నాను మొయ్యక్కర్లేదు."

నేనుండగా నువ్వు మోస్తున్నదేమిటో చెప్పు అన్నాను. మిక్సీ వేసేసింది.

జూన్ 15, ఆదివారం

ఆర్టీసీ కాంప్లెక్సు గోడ మీద కోచింగ్ సెంటర్ల కాగితాల మధ్య ఒక కాగితం అంటించి ఉంది. 'మీ ఇంట్లో మీకన్నా దేవుడికే ఎక్కువ మర్యాదా?' కింద ద్వారకా నగర్ అడ్రసు, ఆదివారం పదిన్నర. ఏదో చూద్దామని వెళ్ళాను, అంతే.

సమాన సంఘం. ఒక ట్యుటోరియల్ పై అంతస్తులో గది. పదిహేను మంది ఉంటారు. దేవీప్రసాద్ గారని లెక్కల మాస్టారు, బోర్డు మీద గీసి మరీ చెబుతాడు. దేవుళ్ళకి మహిమ రావడంలో లేదట, పోవడంలో ఉందట. పూనకంలో వచ్చినవాళ్ళని మనం దణ్ణం పెట్టి సాగనంపుతాం కాబట్టే దేవుళ్ళుగా మిగులుతున్నారట. ఒక్కసారి సాగనంపకుండా ఆపితే మహిమ ఊడిపోతుందట. ఇప్పటికి ముప్పై ఆరుగురిని ఊడబెరికారు. అన్నీ ఇంటి వేల్పులు, కొండ దేవతలే. పెద్ద గుళ్ళ జోలికి పోరు, అక్కడ సాగనంపేవాళ్ళు మరీ ఎక్కువ.

మీకెందుకండీ ఈ పని అని అడిగాను. వాళ్ళమ్మ పొద్దున లేవగానే ఈయన ముఖం కాకుండా దేవుడి పటం చూసేదట. ఈయన జ్వరంతో పడుకున్న రోజు కూడా. చెబుతూ చెబుతూ అరవై ఏళ్ళ మనిషి చేతిలో చాక్‌పీసు రెండు ముక్కలు చేశాడు. మిగతావాళ్ళవీ ఇవే కథలు. తమ్ముడి మీద స్వామి వస్తాడు, తన మీద రాడు. అత్తగారి మీద వస్తుంది, తన మీద రాదు. వాళ్ళందరిదీ కుళ్ళు. నాది సిద్ధాంతం.

మెట్ల దగ్గర ఒకతను ఆపాడు. పేరు గురువులట, ఉండేది జాలారిపేట, చేపల వేటకెళతాడు. మీటింగు జరిగినంతసేపూ వెనక గోడకానుకుని నిలబడ్డాడు. నా చెయ్యి పట్టుకుని, "బావా, ఎల్లిపో. నీళ్ళియ్యడం మాత్రం మానీకు" అన్నాడు. తన ఇంటి వేల్పుని తను ఊడబెరుక్కుని కూర్చున్నవాడు నాకు నీతులు చెబుతున్నాడు. ఇంకొకడు బాగుపడితే చూడలేని మనుషులు.

జూన్ 20

పదకొండింటికి వచ్చింది. నీళ్ళిచ్చాను. నవ్వింది.

జూన్ 27

వచ్చింది. ఇచ్చాను. నవ్వింది.

జూలై 6, ఆదివారం

మీటింగయ్యాక గురువులు బలవంతం మీద వాళ్ళింటికి వెళ్ళాను. సేపలు తినెల్లు బావా అన్నాడు. ఇంటి అరుగు మీద ఒక ముసలాయన సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాడు. అల విరిగిన చప్పుడైనప్పుడల్లా ఉలిక్కిపడి గురువులు లుంగీ పట్టుకుంటున్నాడు. జాలారి మనిషికి సముద్రం అంటే భయమేమిటి? ఎవరని అడిగితే సుట్టం అన్నాడు గురువులు, ముద్దలు కలిపి ఆయన నోట్లో పెడుతూ. వాళ్ళయ్య మీద ఒకప్పుడు కెరటాలయ్య వచ్చేవాడని, వల ఎటు వెయ్యాలో చెప్పేవాడని కూడా అన్నాడు. ఇంకేదో చెప్పబోయాడు. నాకు బీ షిఫ్టు టైమైంది.

జూలై 11, శుక్రవారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

అందరూ అడిగాక, నేను కూడా అడిగాను. ఆరేళ్ళలో మొదటిసారి. చెంబు కింద పెట్టి ముందుకెళ్ళి, నాది ఒకటి పోయింది, ఎక్కడుందో చెప్పు అన్నాను. ఏటది అంది. గౌరి నవ్వు అన్నాను.

"పోలేదురా ఉమా. నీ దగ్గిర ఎప్పుడూ లేనిది పోడమేటి?"

పద్దెనిమిది మంది ముందు. వాళ్ళలో సగం మంది నాతో పోర్టులో పనిచేసేవాళ్ళ పెళ్ళాలు. తర్వాత దాహం అంది. ఇచ్చాను. నా చేత్తో నేనే ఇచ్చాను.

గౌరి కళ్ళు తెరిచి, ఎంతసేపైందండీ, మీ మొకం అలగుందేటి అంది. నవ్వుతూనే.

జూలై 13

దేవీప్రసాద్ గారిని విడిగా కలిశాను. పని సులువే. దీపం కొండెక్కేదాకా నీళ్ళివ్వకూడదు. బతిమాలుతారు, భయపెడతారు, అబద్ధాలు చెబుతారు, నమ్మొద్దు అన్నారు. తర్వాత ఇంట్లో ఎవరు మిగులుతారు అంటే, మామూలు ఆడమనిషి మిగులుతుంది, ఏ మహిమా లేని మనిషి అన్నారు. నాకు కావలసింది అదే. ఇంకేమీ అడగలేదు.

జూలై 18, శుక్రవారం

అయిపోయింది.

పొద్దున్నే గేటుకి 'ఊరెళ్ళాం' అని అట్ట కట్టాను. ఎవరూ రాలేదేటండీ అంది గౌరి. ఆషాఢం కదా అన్నాను. కుందిలో నూనె సగమే పోశాను.

పదకొండింటికి మూడు ఆవులింతలు. మెరకమ్మ కళ్ళు తెరిచి ఖాళీ హాలంతా చూసింది. అందరూ ఏరీ అంది. నేనున్నాగా అన్నాను. అప్పుడు నన్ను చూసింది, నిదానంగా, చాలాసేపు. ఆరేళ్ళలో ఎప్పుడూ అంతసేపు చూడలేదు. బాగుంది నాకు. లాగ్‌బుక్కులో అబద్ధం రాయకూడదు కాబట్టి రాస్తున్నాను.

దాహం అంది. చెంబు తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద పెట్టాను. నా పెళ్ళాన్ని నాకు వదిలెయ్యి అన్నాను.

"వదలాలంటే నువ్వు నీళ్ళియ్యాల. నాను ఎల్తేనే గదరా అది వత్తాది."

అబద్ధాలు చెబుతారని మాస్టారు ముందే చెప్పారు. కుర్చీలో కూర్చున్నాను. ఫ్యాను ఆపాను, దీపం గాలికి ఆరితే లెక్కలోకి రాదేమోనని. చెమటలు కారుతున్నాయి ఇద్దరికీ. మళ్ళీ దాహం అంది. పెదాలు ఎండిపోయాయి. అవి గౌరి పెదాలే, అది తెలుస్తూనే ఉంది. లేవలేదు నేను.

మూడోసారి, "బిడ్డా, దాహం రా" అంది. బిడ్డా అంది నన్ను. ఇప్పుడా గుర్తొచ్చాను నేను అనుకున్నాను.

దీపం చిన్నదై, నీలంగా మారి, కొండెక్కింది. ఆవిడ పక్కకి ఒరిగిపోయింది. కాసేపటికి కళ్ళు తెరిచి నీళ్ళు అంది. గ్లాసుతో ఫ్రిజ్ నీళ్ళిచ్చాను. గటగటా తాగి పొలమారి దగ్గింది.

గెలిచాను. చాలా సంతోషంగా ఉంది. ఎంతసేపైందండీ అని మాత్రం అడగలేదు.

జూలై 19

గౌరి పడుకునే ఉంది. నీరసం.

జూలై 20

స్టవ్ మంటలో చెయ్యి పెట్టింది, ముద్దొచ్చిందేమో అన్నట్టు. బొబ్బ లేచింది. బొబ్బని చూసి ఆశ్చర్యపోయింది, తర్వాత ఏడ్చింది. నీరసం వల్లే. బర్నాల్ రాశాను. మీటింగుకి వెళ్ళలేదు.

జూలై 22

నన్ను నువ్వు అంటోంది. చనువు పెరిగింది. మంచిదే.

జూలై 23

షిఫ్టు నుంచి వచ్చేసరికి గేటు దగ్గర నిలబడి ఉంది. పొద్దున్నుంచి అక్కడే ఉందట. నువ్వు లేకపోతే ఇల్లు బాగులేదు అంది. అన్నం వండలేదు. ఆకలి అంటే కడుపులో పురుగు అనుకుందట. నేనే వండి పెట్టాను. నా వెనకే తిరుగుతోంది, నా ముఖమే చూస్తోంది. నేను కోరుకున్నది ఇదే కదా. ఇదే.

జూలై 25, శుక్రవారం

శ్రావణ శుక్రవారం, ముప్పై మంది వచ్చారు. ఆపలేకపోయాను. పదకొండు దాటింది, పదకొండున్నర దాటింది. ఆవులింత రాలేదు. రామలక్ష్మమ్మ గారు, కళ్ళజోడు కనపడలేదమ్మా అని దణ్ణం పెట్టింది. కళ్ళజోడు ఆవిడ తల మీదే ఉంది. అందరికీ కనిపిస్తోంది. ఈవిడకి తెలియడం లేదు. నాకు తెల్దు, నాకు తెల్దు అంటూ మోకాళ్ళలో ముఖం పెట్టుకుంది. ఒంట్లో బాగులేదని చెప్పి అందరినీ పంపేశాను.

తలుపు వేశాక అడిగాను. మన పెళ్ళి ఏ ఊళ్ళో జరిగింది అని. తలెత్తింది.

"నాను గౌరిని కాదు ఉమా. నీకు తెలుసు."

తెలుసు. శనివారం నుంచీ తెలుసు. ఈ పుస్తకంలో కూడా రాయలేదు.

మరి గౌరి ఎక్కడ అన్నాను. అరిచానేమో కూడా.

"పోయినవి ఎక్కడున్నాయో సెప్పడమే గదా నువ్వు తీసీసింది" అంది.

జూలై 28

సెలవు పెట్టాను. ఇంటి నిండా గౌరి వస్తువులే. దువ్వెనలో వెంట్రుకలు ఉన్నాయి. ఆవిడ ఆ దువ్వెనతోనే దువ్వుకోబోతే లాక్కున్నాను. బెదిరిపోయి మూల నిలబడింది, నేను చెంబు పట్టుకుని నిలబడే మూల.

ఆగస్టు 3, ఆదివారం

ద్వారకా నగర్ వెళ్ళాను. దేవీప్రసాద్ గారు బోర్డు మీద ముప్పై ఆరు తుడిచి ముప్పై ఏడు వేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా భార్య ఏది మాస్టారూ అని అడిగాను. మామూలు మనిషి మిగిలిందా లేదా అన్నారు. మిగిలింది అన్నాను. మరింకేం అన్నారు. పై మనిషిని కిందకి దించడం వరకే ఆయన లెక్క, కింద మనిషి ఎటు పోయిందో ఆ లెక్కలో లేదు. కొట్టాలనిపించింది. కానీ నీళ్ళు ఆపింది ఆయన కాదు.

గురువులు కిందకి తీసుకొచ్చి టీ ఇప్పించాడు. ఆ ముసలాయన ఎవరో అప్పుడు చెప్పాడు. ఒళ్ళు వాళ్ళయ్యదే, లోపలున్నది కెరటాలయ్య. గురువులు అడిగితే వల ఎటు వెయ్యాలో చెప్పేవాడు కాదట, వాళ్ళన్నకే చెప్పేవాడట. ఆ మంటతో గురువులే సాగనంపకుండా ఆపేశాడు. ఆదివారం ఆదివారం మీటింగుకి వచ్చేది కొత్తవాళ్ళని ఆపడానికి. ఎవరూ వినరు. నేను విన్నానా?

"మా అయ్య వత్తాడు బావా. అమాస నాడు, మునుపు దేవుడొచ్చిన రోజే, ఓ అరగంట. దేవుడికి ఎలగ సేత్తావో అలగే సెయ్యాల. దీపం పెట్టి, దాన్ని కూకోబెట్టి, నీ మనిషిని పిలు."

తర్వాత సాగనంపాలా అన్నాను. టీ గ్లాసు కింద పెట్టాడు. అది వచ్చినాల్లే నీకు సెప్తారు అన్నాడు.

ఆగస్టు 8, శుక్రవారం

మెరకమ్మని తలంటుకోమన్నాను. నువ్వు పిలిస్తే వచ్చేది నీ గౌరేనా అంది. ముఖం ముడుచుకునే కూర్చుంది. తులసికోట దగ్గరి మట్టి ప్రమిద వెలిగించి పన్నెండున్నర దాకా గౌరీ, గౌరీ అని పిలిచాను. ఎవరూ రాలేదు. గురువులుకి ఫోన్ చేశాను. పాత దీపమే పెట్టాల బావా, ఏది ఆర్పీసి ఆపావో అదే అన్నాడు. అమ్మ కుంది నీళ్ళు ఆపిన రోజే అటక మీద పడేశాను.

ఆగస్టు 15, శుక్రవారం

బయట మైకుల్లో జెండా పాటలు. కుంది చింతపండుతో తోమి పెట్టాను, నూనె నిండా పోశాను. సాంబ్రాణి వేశాను. కొత్త లుంగీ కట్టుకున్నాను. తలకి నూనె కూడా రాసుకున్నాను. గురువారమంతా నాకు షిఫ్టులో పని మీద మనసు లేదు.

మెరకమ్మ పసుపు చీరలో వచ్చి కూర్చుంది. నన్నూ నా లుంగీనీ చూసింది.

పదకొండు ఐదుకి ఆవులించింది. ఒకటి. రెండు. మూడు. తల ఊగింది. కళ్ళు తెరిచింది.

"ఏటండీ, అలగ సన్నబడిపోనారు? కేంటీన్ తిండేనా?"

అండీ అంది. నేను ఆమె కాళ్ళ మీద పడ్డాను. లెగండి, ఎవులైనా సూత్తే ఏటనుకుంటారు అని నా తల నిమిరింది. నేనే పంపేశాను నిన్ను, కుళ్ళుతో చేశాను అని చెప్పాను. ఇంతవరకు ఈ పుస్తకంలో కూడా ఆ మాట ఒప్పుకోలేదు. తెలుసు అంది. అక్కడ ఎలా ఉంది అన్నాను.

"బాగుందండీ. ఏటీ మొయ్యక్కర్లేదు. మీరొక్కరే గుర్తొత్తన్నారు."

నీళ్ళివ్వను అన్నాను. ఒక్కసారి దీపం కొండెక్కితే చాలు, నువ్వు ఉండిపోతావు, పద్ధతి నాకు తెలుసు అన్నాను. చెంబు తీసి ఫ్రిజ్ మీద పెట్టాను కూడా. గౌరి నన్ను కోప్పడలేదు. తన చేతి మీద బొబ్బ మచ్చ చూసుకుంది, వేలితో రాసుకుంది.

"నన్ను ఉంచీసుకుంటే ఈ తల్లి ఎక్కడికెల్తాది? రాయి నేదు, మెరక నేదు. ఊరందరియీ ఎతికిపెట్టింది, దాని దారి దానికే తెల్దిప్పుడు. ఇంట్నించి గెంటీలేనండీ నాను."

నాకేం పట్టింది అన్నాను. అన్నానే గానీ గేటు దగ్గర నిలబడి నాకోసం చూసే ముఖం గుర్తొచ్చింది, కాలిన చెయ్యి చూసి ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చింది. దీపంలో నూనె ఇంకా ఉంది. ఆ కాసేపూ పిచ్చి మాటలే మాట్లాడుకున్నాం. ఫ్రిజ్ డోరు సరిగ్గా పడడం లేదని చెప్పాను. రబ్బరు మార్పించమంది. అరకు బస్సులో నేను వాంతి చేసుకున్నది తలుచుకుని ఇద్దరం నవ్వాం.

తర్వాత పెదాలు తడుపుకుంది.

"దాహమండీ."

వినపడనట్టు కూర్చున్నాను. ఒత్తి చివర ఎర్రబడింది. ఇంకోసారి అడగలేదు. నా వంకే చూస్తూ ఎదురుచూసింది, ఏం చేసినా సరే అన్నట్టు. ఇవ్వకపోతే జీవితాంతం నాది. ఇస్తే వారానికి అరగంట.

లేచి చెంబు తెచ్చాను. కాళ్ళ మీద పోశాను. మూడు గుక్కలు తాగించాను. తల్లీ అనే అలవాటు, నోరు తిరగలేదు.

వెళ్ళి రా గౌరీ అన్నాను.

వెళ్ళిపోయింది. దీపం దాని తర్వాత కొండెక్కింది.

మెరకమ్మ కళ్ళు తెరిచింది. ఎంతసేపైంది అంది. అరగంట అన్నాను. నా ముఖం వంక చూసింది, చూస్తూనే ఉంది.

"ఏటా నవ్వు, ఉమా? నా కాడ ఎప్పుడూ అలగ నవ్వనేదు నువ్వు."

నవ్వుతున్నానని నాకు తెలియదు. చెయ్యి పెట్టి చూసుకున్నాను. నిజమే, చెంపలు తడిగా ఉన్నాయి గానీ నవ్వుతూనే ఉన్నాను. ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం అన్నం తినలేదు.

ఆగస్టు 16

పొద్దున కుంది తోమిపెడదామని చూస్తే లేదు. దేవుడి గూట్లో లేదు, అటక మీద లేదు. బియ్యం డబ్బా అడుగున కూడా చూశాను. అమ్మ కుంది ఎక్కడ పెట్టావు అని అడిగాను.

వెనక్కి తిరక్కుండానే, పోయినవాటి సంగతి నాకేటి తెలుసు అంది.